ముదురుపాకం పల్లీలు

ఉప్పల్,
జూలై 5, శనివారం

బిడ్డా హరిణీ,

ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్ పెడతవు. పక్కనే అల్లుడు లాప్‌టాప్ ముందల కూసొని ఉంటడు. ఇగ మనసులో మాట ఎట్ల చెప్పాలె? అందుకే కాగితం మీద రాసి, సాయంత్రం అల్లుడు వచ్చి తీస్కపోయే డబ్బాల పల్లీల అడుగున బటర్ పేపర్ కింద పెడుతున్న. పల్లీలు అయిపోయినంక కనిపిస్తది. చదివి చింపెయ్యి.

ఇవి మొత్తం నీకోసమే. ఆరో నెల నడుస్తున్నది, సాయంత్రం పూట గుప్పెడు తిను, బలం. మంచి గింజలు ఏరి, సన్నమంట మీద వేయించి, పొట్టు చెరిగి, బెల్లం ముదురుపాకం పట్టిన. దించేముందు ఇలాచి వేసిన. పాకం చుక్క నీళ్లల్ల వేసి గిన్నెకు కొడితే టంగుమన్నది. అంత మంచిగ కుదిరింది.

ఇంకో మాట. ఇవి నాచారం, మీ అత్తమ్మ ఇంటికి పోనియ్యకు. నిశ్చితార్థం నాడు నా పల్లీ కొరికితే తన తమ్ముడు త్రిమూర్తులు పన్ను విరిగిందని మీ అత్తమ్మ ఇప్పటికీ అంటనే ఉన్నది. ఆ పన్ను అప్పటికే కదులుతున్నది. ఆయన మాట్లాడుతుంటే ఊగుతున్నది, నా కండ్లతోని చూసిన. అయినా ఫ్యామిలీ గ్రూపుల 'ఇవి పల్లీలా, కంకరా' అని పెట్టింది. నేను ఊకుంటనా? 'మీది సున్నం కొట్టిన జీడిపప్పు' అని పెట్టిన. దానికి మీరిద్దరు మా ఫోన్లు గుంజుకొని, నా ఫోన్ల ఆమెను, ఆమె ఫోన్ల నన్ను బ్లాక్ చేసి పెట్టిన్రు. మంచిదే అయింది, నాకు ప్రశాంతంగ ఉన్నది.

అల్లుడు చేసిన పంచదార జీడిపప్పు మాత్రం మస్తున్నది. డబ్బా ఖాళీగ తిప్పి పంపొద్దని, ఫోన్ల చూసి నేర్చుకొని చేసిండంట కదా. నోట్ల వేస్తే కరిగిపోతున్నది. జాకెట్లు కుట్టించుకోను వచ్చినోళ్లకు తలా రెండు పెట్టి, మా అల్లుడే చేసిండని చెప్పిన. తల్లి చేతి గుణం రాలేదు పిల్లగానికి, అదృష్టవంతుడు.

మీ అమ్మ,
రాణి

* * *

నాచారం,
జూలై 6, ఆదివారం

వదినగారికి,

నమస్కారం. మీరు మీ అమ్మాయికి రాసిన ఉత్తరం నాకు అందింది.

కంగారుపడకండి, నేనేమీ వెతకలేదు. మధ్యాహ్నం పిల్లలిద్దరూ భోజనానికి వచ్చారు. మా తేజేష్ డబ్బా చేతిలో పెట్టి, 'అమ్మా, హరిణి చేసింది' అన్నాడు. కొన్ని వారాలుగా ఇలాగే తెచ్చి ఇస్తున్నాడు. మూత మీద హరిణి పేరు చెక్కించి ఉంది కాబట్టి నాకు అనుమానం రాలేదు. వాళ్లు అటు వెళ్లగానే కూర్చుని తిన్నాను. అడుగున కాగితం బెల్లానికి అంటుకుపోయింది, లాగితే కింద మీ ఉత్తరం ఉంది. పైన 'బిడ్డా హరిణీ' అని చూసి మూసేద్దామనుకున్నాను. ఈలోగా 'నాచారం' అన్న మాట కంటబడింది. ఇంక మూయలేకపోయాను.

నా పరిస్థితి కూడా వినండి. మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్ల దగ్గర కోడలి పల్లీల గురించి గొప్పగా చెప్పుకున్నాను. 'కరకరలాడుతూ ఎంత చక్కగా ఉన్నాయో, వాళ్లమ్మ చేసినట్టు రాళ్లు కావు' అన్నాను. అవి ఆ వాళ్లమ్మే చేసిందని ఇప్పుడు వాళ్లకి ఏ మొహం పెట్టుకుని చెప్పను? చెప్పను.

మీరు మెచ్చుకున్న జీడిపప్పు కూడా మీ అల్లుడు చేసింది కాదు. వాడికి గ్యాస్ పొయ్యి వెలిగించడం రాదు. మా ఇంట్లోనూ వచ్చిన డబ్బా ఖాళీగా పంపే అలవాటు లేదు. అందుకని నేనే పంచదార తీగపాకం పట్టి, పొయ్యి కట్టేసి, పప్పు వేసి, పొడిపూత పట్టేదాకా చెయ్యి ఆపకుండా తిప్పి నింపుతున్నాను. ఆ డబ్బానే వాడు సోమవారం ఆఫీసుకి పోతూ మీ ఇంట్లో ఇస్తున్నాడన్నమాట. నా సున్నం మీ నోట్లో కరిగినందుకు సంతోషం.

సరే, అసలు విషయానికొస్తాను. మీరు మూతకి చుట్టూ అంటించిన టేపు ఊడదీయకుండానే డబ్బా నా దగ్గరికి వచ్చింది. మీ దగ్గర్నుంచి నాకు, నా దగ్గర్నుంచి మీకు మోయడమే తప్ప, మధ్యలో వాళ్లు మూత తీయడం లేదు. కడుపుతో ఉన్న పిల్ల, కన్నతల్లి చేసిన పల్లీ ఒక్కటి కూడా ఎందుకు తినడం లేదు? నాకు ఎంత ఆలోచించినా అంతుపట్టడం లేదు.

ఇది కూడా కాగితం కిందే పెడుతున్నాను. ఎలాగూ తెరవరు.

ఇట్లు,
ఛాయాదేవి

* * *

ఉప్పల్,
జూలై 12, శనివారం

గౌరవనీయులైన వదినగారికి రాణి నమస్కరించి వ్రాయునది.

మీ లేఖ అందినది. నా లేఖ మీ కంటబడుట విచారకరము. మీ జీడిపప్పు విషయమై వ్రాసిన మాటలను మన్నించగలరు. త్రిమూర్తులు గారి పంటి విషయమై వ్రాసినది మాత్రం యథార్థము, దానిని నేను వెనుకకు తీసుకొనజాలను.

ఇట్ల రాస్తుంటే నాకే ఊపిరాడుతలేదు వదినగారూ. మామూలుగనే రాస్త.

మీ ఉత్తరం చదివినప్పటి నుంచి నాకు అన్నం సయిస్తలేదు. పోయిన వారం కూడా హరిణికి ఫోన్ చేసి, 'పల్లీలు తిన్నవా బిడ్డా' అని అడిగిన. 'తిన్న అమ్మా, మస్తున్నయి. ఇలాచి వాసన మంచిగ వచ్చింది' అన్నది. మూత తీయని పిల్లకు ఇలాచి వాసన ఎట్ల వచ్చింది? నాతోని అబద్ధం చెప్పింది. చిన్నప్పటి నుంచి ఆ పిల్ల నా దగ్గర ఒక్కటి గూడ దాచలేదు. ఇంటర్ల ఫిజిక్స్ తప్పితే ఆటో దిగకముందే చెప్పింది.

మా ఆయన హన్మయ్యను అడిగితే, 'నీ పల్లీలు గట్టిగుంటయి, తినలేక ఇచ్చేస్తుంది కావచ్చు' అన్నడు. ఆ పూట ఆయనకు చాయ్ పెట్టలేదు.

మీ ఇంట్ల ఎవరన్నా బెల్లం వేడి చేస్తదని భయపెట్టిన్రా? పెడితే పెట్టిన్రని చెప్పండి, నేనేమనను. లేకపోతే నా బిడ్డకు నా చేతి వంట మీదనే విసుగొచ్చిందా? అదైనా చెప్పండి. తెల్వకుంట ఉండుడు కంటే అది నయం. తేజేష్ మీ కొడుకు, మీరు గట్టిగ అడిగితే చెప్తడు. నేను అడిగితే అత్తమ్మా అత్తమ్మా అని నవ్వి తప్పించుకుంటడు.

నాకు భయమైతున్నది. జర కనుక్కోండి.

మీ వదిన,
రాణి

* * *

నాచారం,
జూలై 13, ఆదివారం

ప్రియమైన వదినగారికి,

మీరు చెప్పినట్టే తేజేష్‌ని వంటింట్లోకి పిలిచి అడిగాను. ఏమీ లేదట. వేవిళ్లు ఇంకా పూర్తిగా తగ్గలేదట, అందుకని తీపి సయించడం లేదట. మీ వంట మీద విసుగు కాదు, అది మాత్రం నేను ఒట్టేసి చెబుతాను. మనం అనవసరంగా గాభరా పడ్డాం.

ఈ వారం మీ పల్లీలు నిజంగా చాలా బాగున్నాయి. పాకం సమంగా పట్టింది, గింజకు గింజ విడిగా ఉంది. ఈ మాట నేను మనస్ఫూర్తిగా అంటున్నాను.

ఒక్క చిన్న సలహా, మరోలా అనుకోవద్దు. వచ్చేసారి బెల్లం లేకుండా ఉత్త పల్లీలు వేయించి పంపితే ఎలా ఉంటుంది? తేలిగ్గా ఉంటాయి. పాకం పట్టే శ్రమ కూడా మీకు తప్పుతుంది. పొద్దస్తమానం మిషను తొక్కే మనిషి, మీకు విశ్రాంతి కావాలి కదా.

నాకూ ఈ వారం పాకం పట్టబుద్ధి కాలేదు. అందుకని డబ్బాలో నేతిలో వేయించి ఉప్పు చల్లిన జీడిపప్పే పెడుతున్నాను. ఆరోగ్యం జాగ్రత్త.

మీ,
ఛాయాదేవి

* * *

ఉప్పల్,
జూలై 19, శనివారం

ఏంది వదినా, నాకు నేర్పుతున్నవా?

నువ్వు నా పల్లీలను కంకర అన్న రోజు కూడా నాకు గింత కోపం రాలేదు. ఆనాడు మొకం మీద అన్నవు. ఇప్పుడు 'ప్రియమైన' అని రాసి, విశ్రాంతి తీసుకొమ్మని, పాకం మానెయ్యమని చెప్తున్నవు. నాకు విశ్రాంతి కావాల్నని నిన్ను అడిగిన్నా?

ఆరో నెలల వేవిళ్లేంది? నేను కనలేదా, నువ్వు కనలేదా? హరిణి మూడో నెల దాటంగనే నా ముందట కూసొని మూడు బొబ్బట్లు తిన్నది. నువ్వే ఏదో దాస్తున్నవు. నీ ఉత్తరం నిండ నువ్వు రాయని మాటనే కనిపిస్తున్నది నాకు.

ఇంకోటి. ఉప్పు జీడిపప్పు మా దిక్కు మందు తాగేటోళ్ల ముందల పెడతరు. హన్మయ్య చూసి, 'అల్లుడు ఏమన్న పార్టీ ఇస్తుండా' అని అడిగిండు. తలకాయ ఎక్కడ పెట్టుకోవాలె?

ఇగ నేను ఎవరినీ అడగను. వచ్చే శనివారం పొద్దున్నే బెల్లం పల్లీలు చేసుకొని నేనే ఏఎస్ రావు నగర్ పోత. నా బిడ్డను ముందట కూసోపెట్టుకొని, నా చేత్తోని నోట్ల పెడత. రెండు గుప్పిళ్లు మింగినంకనే లేస్త. అప్పుడు తెలుస్తది వేవిళ్లో, ఇంకేమో.

ఈ వారం డబ్బా మామూలుగనే పంపుతున్న. పాకం ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ ముదరబెట్టిన, నీకోసమే.

రాణి

* * *

నాచారం,
జూలై 20, ఆదివారం

వదినా,

దయచేసి శనివారం అలా వెళ్లకండి. ఇది చదివాక మీరే వెళ్లరు.

తేజేష్ నాకు చెప్పాడు. మీకు చెప్పనని వాడు నా దగ్గర మాట తీసుకున్నాడు. పోయినవారం ఆ మాట కోసమే మీకు పొడిమాటలు రాశాను. రాయడం నాకు చేతకాలేదు, మీరు వెంటనే పట్టేశారు. కొడుక్కిచ్చిన మాట ఈ రోజు తప్పుతున్నాను.

హరిణికి పోయిన నెల పరీక్షలో షుగర్ వచ్చింది. కడుపుతో ఉన్నప్పుడు కొంతమందికి వచ్చేదేనట, కాన్పు అయ్యాక చాలామందికి పోతుందట. బిడ్డ బాగానే ఎదుగుతోంది. మందులు కూడా ఇంకా ఇవ్వలేదు. బెల్లం, పంచదార ముట్టుకోవద్దని, తిన్నాక నడవమని, మళ్లీ పరీక్షకు రమ్మని డాక్టరమ్మ చెప్పిందట. ఉత్త పల్లీలు కొద్దిగా తినొచ్చట, అది నేను మరీమరీ అడిగి కనుక్కున్నాను. అందుకే మీకు ఆ సలహా ఇచ్చాను, మీరేమో నన్ను కడిగేశారు.

మీకు ఎందుకు చెప్పలేదంటే, హరిణి అన్న మాట తేజేష్ నాకు చెప్పాడు, ఉన్నదున్నట్టు రాస్తున్నాను. 'శనివారం వచ్చిందంటే మా అమ్మ పొద్దున్నే చాటల పల్లీలు పోసుకొని ఏరుకుంట పాటలు పాడుకుంటది. మిషన్ ముందల కూసున్నప్పుడు గంత సంతోషంగ ఉండదు. వద్దని నేనెట్ల చెప్పాలె?' అందట. పారేయడానికి చేతులు రాక, తినడానికి వీల్లేక, డబ్బా నాకు తెచ్చి ఇస్తున్నారు.

వాడికి ఇంకో భయం కూడా ఉంది. సంగతి తెలిస్తే షుగర్ ఎవరి వైపు నుంచి వచ్చిందని మనిద్దరం గ్రూపులో మొదలుపెడతామట. నాకు కోపం వచ్చింది కానీ, నిజం చెప్పొద్దూ, 'వాళ్లమ్మవైపు ఎవరికైనా ఉందా' అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆడపిల్లకి అత్తవారి షుగర్ రాదు కదా అని ధైర్యం కూడా తెచ్చుకున్నాను. ఆ పిల్ల మొహం గుర్తొచ్చి మింగేశాను.

ఇప్పుడు మీరు ఉన్నట్టుండి పాకం మానేస్తే నేను చెప్పేశానని హరిణికి తెలిసిపోతుంది. తేజేష్ ఇంక నాకు ఏ సంగతీ చెప్పడు. మానకపోతే ఆ పిల్ల మీకు ఫోన్లో అబద్ధాలు చెబుతూనే ఉంటుంది. నాకేమీ తోచడం లేదు. మీరే ఏదైనా దారి చూడండి.

ఛాయ

* * *

ఉప్పల్,
జూలై 26, శనివారం

వదినా,

సోమవారం నీ ఉత్తరం చదివి మిషన్ మీదనే తల పెట్టుకొని ఏడ్చిన. ఎవరిదో పట్టు జాకెట్టు తడిసింది. ప్రతి వారం 'తిన్నవా, తిన్నవా' అని నా బిడ్డ ప్రాణం తోడిన కదా. ఆ పిల్ల ఫోన్ పెట్టేసి ఎంత బాధపడ్డదో.

నువ్వు ముందే చెప్పలేదని కోపం ఉన్నది. మాట తప్పి చెప్పినవు కదా, అది మాత్రం మర్చిపోను.

దారి దొరికింది. దొరికినంక రెండు రోజులు మనసొప్పలేదు, బుధవారం పొద్దున ఒప్పించుకున్న. చెంపకు గుడ్డ కట్టుకొని హరిణికి వీడియో కాల్ చేసిన. 'బిడ్డా, నా పల్లీలు కొరికితే నా దవడ పన్నే విరిగింది. పండ్ల డాక్టర్ మస్తు తిట్టిండు. ఇగ ఈ ఇంట్ల పాకం పట్టేది లేదు, ఉత్తయే వేయిస్త' అన్న. ఆ పిల్ల మొకం ఎట్ల విచ్చుకున్నదో నువ్వు చూడాలె. అయ్యో అమ్మా అంటున్నది, కండ్లేమో నవ్వుతున్నయి.

ఒక్క ఆమెకు చెప్తే నమ్మదని గ్రూపుల కూడా పెట్టిన. గ్రూపులకు బ్లాక్ అడ్డం రాదు కదా, నువ్వు చూసే ఉంటవు. 'నా పల్లీలకు నా పన్నే విరిగింది' అని రాసి, పక్కన గుడ్డ కట్టుకున్న ఫోటో. హన్మయ్య తీసిండు, తీసేటప్పుడు నవ్వి రెండు ఫోటోలు చెడగొట్టిండు. నిమిషం కాకముందే మీ త్రిమూర్తులు, 'అక్కయ్యగారూ, మా జట్టులోకి స్వాగతం' అని పెట్టిండు. నవ్వే బొమ్మలు పదకొండు. ఇన్ని రోజుల సంది ఆ పన్ను ముందే కదులుతున్నదని కొట్లాడిన మనిషిని నేను. ఆయనకు దండం పెట్టే బొమ్మ పెట్టి ఊకున్న. నా బిడ్డ కాకుండ ఇంకెవరి కోసమైనా ఆ బొమ్మ పెట్టకపోదును.

వదినా, నా పన్ను నిక్షేపంగ ఉన్నది. ఎవరికీ చెప్పకు.

ఈరోజు ఉత్త పల్లీలు వేయించిన. కడాయిల గల్లుప్పు పోసి కాగినంక, అండ్ల పల్లీలు పోసి సన్నమంట మీద తిప్పిన. పక్క పొయ్యి మీద పాకం లేకపోయేసరికి ఎడమచెయ్యి ఏం చేయాల్నో తెల్వలేదు. ఊకెనే గరిట పట్టుకొని నిలబడ్డ. చల్లారినంక ఒకటి నోట్ల వేసుకుంటే తియ్యగనే ఉన్నది. బెల్లం లేకుంట గూడ పల్లీకి దాని తీపి దానికున్నది. ఇన్నేండ్లు పాకం పోసి నేనే కప్పిపెట్టిన, నాకే తెల్వదు.

ఈ ఉత్తరం మామూలుగనే కాగితం కింద పెడుతున్న. రేపు డబ్బా నీకు వచ్చేలోపు హరిణి మూత తీసి ఒక గుప్పెడన్న తిన్నదో లేదో చూసి రాయి. వారం సంది నా మనసుల అదొక్కటే ఉన్నది.

నీ వదిన,
రాణి

* * *

ఏఎస్ రావు నగర్,
జూలై 27, ఆదివారం

అమ్మకి, అత్తయ్యకి,

ఇద్దరికీ ఒకటే ఉత్తరం రాస్తున్నాను. అమ్మకిది తేజేష్ తెచ్చి ఇస్తాడు. అత్తయ్యకి ఫోన్లో ఫోటో తీసి పంపుతాను.

డబ్బా ఈ రోజు నాచారం రాలేదు అత్తయ్యా, ఎదురుచూసి ఉంటారు. నిన్న సాయంత్రం తేజేష్ తేగానే నేనే టేపు లాగేశాను. కొద్దిగానే తినాలి కదా అని నిన్న ఒక గుప్పెడు తిన్నాను, ఈ రోజు టిఫిన్ కాస్త తగ్గించి ఇంకో గుప్పెడు. తేజేష్ కూడా పక్కన చేరాడు. తనకి లెక్క లేదు, టీవీ చూస్తూ తినేశాడు. మధ్యాహ్నానికి కాగితం కనిపించింది. పారేద్దామని పైకి తీస్తే కింద అమ్మ ఉత్తరం ఉంది.

అమ్మా, ఇన్నాళ్లూ మేము తినం కాబట్టి ఉత్తరాలు భద్రంగా తిరిగాయి. తినేవి పంపిన రోజు కూడా ఉత్తరం కిందే పెట్టావు. ఆ సంగతి నీకు గానీ అత్తయ్యకు గానీ తట్టలేదా?

'నా పన్ను నిక్షేపంగ ఉన్నది' దగ్గర తేజేష్, నేను ఎంతసేపు నవ్వామో చెప్పలేను. తర్వాత త్రిమూర్తులు మామయ్యకి నువ్వు దండం బొమ్మ పెట్టావన్నది మళ్లీ చదివాను. ఆ బొమ్మ చూసిన రోజు నాకు నవ్వొచ్చింది. ఈ రోజు ఏడుపాగలేదు. నువ్వు ఆయనకి దండం పెట్టావంటే ఎంత కష్టపడి పెట్టి ఉంటావో నాకు తెలుసు.

నీ పాటల కోసమే చెప్పలేదని తేజేష్ అత్తయ్యతో అన్నాడట కదా, అది సగమే. మిగతా సగం తనకి కూడా తెలియదు. అందరికీ మామూలే, పోతుంది అని డాక్టరమ్మ చెప్పినప్పుడు నేను బుద్ధిగా తలూపాను. ఇంటికొచ్చి తలుపేసుకుని కూర్చున్నాను. నాకు చాలా భయమేసింది అమ్మా. నీకు చెబితే నీ గొంతు వినగానే ఏడ్చేస్తాను, ఏడిస్తే అది నిజంగా పెద్ద జబ్బైపోతుందని అనిపించింది. అందుకని పల్లీలు మస్తున్నయి అని చెప్పాను. ఇలాచి వాసన అని అనవసరంగా కలిపాను, అక్కడే నీకు అనుమానం వచ్చి ఉంటుంది.

అత్తయ్యా, మాట తప్పినందుకు తేజేష్ మీ మీద అలిగాడు. రేపటికి తగ్గిపోతుంది, ఎక్కువసేపు అలగడం తన వల్ల కాదు.

మీ ఫోన్లలో బ్లాక్ ఇంక తీసేసుకోండి. గ్రూపులో మాత్రం తిండి వస్తువుల గురించి ఎవరూ ఏమీ పెట్టకూడదు.

బుధవారం పొద్దున మళ్లీ రక్తపరీక్ష ఉంది. పోయినసారి తేజేష్ వచ్చాడు గానీ, సూది చూడగానే నాకంటే ముందు తనే బెంచీ మీద కూలబడ్డాడు. నర్సు తనకి నీళ్లిచ్చి, నన్ను కాసేపు ఆగమంది. ఈసారి మీరిద్దరూ రండి. ఆటోలో నేను మధ్యలో కూర్చుంటాను. ఒక చెయ్యి సూదికి కావాలి. రెండో చెయ్యి ఎవరు పట్టుకుంటారో ఆటో దిగేలోపు మీరే తేల్చుకోండి.

మీ,
హరిణి